ఒకే మైక్రో యూఎస్‌బీ పోర్టు: ల్యాప్‌టాప్‌కు డివైస్‌గా కనిపిస్తోంది, పెన్‌డ్రైవ్‌కు హోస్ట్‌గా మారడం లేదు

చెరువుగట్టు:

అందరికీ నమస్కారం. భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, ఉష్ణోగ్రతను నమోదు చేసే లాగర్ ఒకటి తయారుచేస్తున్నాము. లోపల ఆల్‌విన్నర్ హెచ్3 చిప్ ఉన్న బోర్డు ఉంది. దాని మీద మెయిన్‌లైన్ లినక్స్ కెర్నల్ 6.1 నడుస్తోంది. బోర్డును మా స్పెసిఫికేషన్ ప్రకారం బయటి సంస్థ ఒకటి చేసిచ్చింది, బోర్డు మీద ఏ భాగం ఎక్కడ కలిసిందో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు కూడా వాళ్ళే ఇచ్చారు.

చెరువు దగ్గర తేమ, ఉప్పుగాలి ఎక్కువ కాబట్టి పెట్టెకు ఎన్ని తక్కువ రంధ్రాలుంటే అంత మంచిదని, బయటికి ఒకే ఒక మైక్రో యూఎస్‌బీ ఏబీ కనెక్టర్ పెట్టించాము. దానితో రెండు పనులు జరగాలి. టెక్నీషియన్ ల్యాప్‌టాప్ తగిలించినప్పుడు బోర్డు డివైస్‌గా, అంటే యూఎస్‌బీ నెట్‌వర్క్ గాడ్జెట్‌గా కనిపించాలి. చెరువు యజమాని ఓటీజీ కేబుల్‌తో (చిన్న పోర్టుకు పెన్‌డ్రైవ్ తగిలించే కేబుల్) పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు బోర్డు హోస్ట్‌గా, అంటే ఎదుటి పరికరాన్ని నడిపే వైపుగా మారి లాగ్ ఫైళ్ళను అందులోకి కాపీ చేయాలి.

మొదటి పని ఏ ఇబ్బందీ లేకుండా జరుగుతోంది. రెండోది అసలు జరగడం లేదు. పెన్‌డ్రైవ్ లైటు వెలగదు, కెర్నల్ లాగ్‌లో ఒక్క వరుస కూడా రాదు. డివైస్ ట్రీలో పోర్టు రోల్‌ను (హోస్టా, డివైసా) చెప్పే డీఆర్-మోడ్ విలువ ఓటీజీ అనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టి వెతకాలో దయచేసి చెప్పండి.

మల్టీమీటర్:

నమస్కారం చెరువుగట్టు గారూ. సాఫ్ట్‌వేర్ ముట్టుకోకముందు మూడు విషయాలు కొలిచి చెప్పండి. రోల్ మారడం ఒకే పనిలా కనిపిస్తుంది కానీ, లోపల జరిగేవి మూడు వేర్వేరు పనులు. ఏ కేబుల్ తగిలిందో గుర్తించడం ఒకటి, 5 వోల్టులు ఎవరు ఇవ్వాలో తేల్చుకోవడం ఒకటి, డేటా తీగలను ఏ కంట్రోలర్‌కు అప్పగించాలో నిర్ణయించడం ఒకటి. ఈ మూడింటిలో ఏది ఆగినా బయటికి కనిపించే లక్షణం ఒకటే, పెన్‌డ్రైవ్ రాదు. అందుకే ఊహించడం కన్నా కొలవడం మేలు.

మైక్రో కనెక్టర్‌లో అయిదు పిన్నులుంటాయి. నాలుగోది ఐడీ పిన్ను. మామూలు మైక్రో బీ కేబుల్‌లో అది దేనికీ కలవదు. ఓటీజీ కేబుల్‌లోని మైక్రో ఏ ప్లగ్‌లో దాన్ని గ్రౌండ్‌కు కలిపి ఉంచుతారు. కాబట్టి ముందుగా ఓటీజీ కేబుల్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి ఐడీ పిన్ను దగ్గర వోల్టేజి ఎంతుందో చూడండి. తరువాత ఓటీజీ కేబుల్ పెట్టి ఉండగానే 5 వోల్టులు వెళ్ళే వీబస్ పిన్ను దగ్గర ఎంతుందో చూడండి. మూడోది, స్కీమాటిక్‌లో ఐడీ పిన్ను చిప్‌లోని ఏ జీపీఐఓకు (సాఫ్ట్‌వేర్ చదవగల, మార్చగల పిన్ను) వెళ్తోందో చెప్పండి. మార్కెట్లో ఓటీజీ పేరుతో అమ్మే కొన్ని కేబుళ్ళలో ఐడీని గ్రౌండ్‌కు కలపకుండా వదిలేస్తారు, కాబట్టి కేబుల్‌ను కూడా కంటిన్యుయిటీ పెట్టి చూడండి.

చెరువుగట్టు:

ధన్యవాదాలు మల్టీమీటర్ గారూ. కేబుల్ సరిగ్గానే ఉంది, ఐడీ గ్రౌండ్‌కు కలిసింది. కేబుల్ లేనప్పుడు ఐడీ దగ్గర 3.3 వోల్టులు, పెట్టినప్పుడు సున్నా. వీబస్ దగ్గర మాత్రం రెండు సందర్భాల్లోనూ సున్నాయే. స్కీమాటిక్ ప్రకారం ఐడీ జీ పోర్టు 12వ పిన్నుకు వెళ్తోంది. వీబస్‌కు 5 వోల్టులు ఇచ్చే లోడ్ స్విచ్‌ను ఎల్ పోర్టు 2వ పిన్ను ఆన్ చేస్తుంది. వీబస్ ఉందో లేదో తెలుసుకోవడానికి 47 కిలో ఓముల రెసిస్టర్, 68 కిలో ఓముల రెసిస్టర్ కలిపిన డివైడర్ ద్వారా ఇంకో జీపీఐఓకు సిగ్నల్ వెళ్తోంది.

డివైస్ ట్రీలో యూఎస్‌బీ ఫై (యూఎస్‌బీ తీగలను నేరుగా నడిపే సర్క్యూట్) నోడ్‌ను చూశాను. వీబస్ రెగ్యులేటర్ పేరు, వీబస్ గుర్తించే జీపీఐఓ ఉన్నాయి. ఐడీ జీపీఐఓ గురించి ఏమీ లేదు.

పాతకెర్నల్:

మొదటి చిక్కు ఇక్కడే ఉంది. ఆల్‌విన్నర్ యూఎస్‌బీ ఫై డ్రైవర్ కోడ్ చదివితే స్పష్టంగా తెలుస్తుంది. డీఆర్-మోడ్ ఓటీజీ అని ఉండి, ఐడీ గుర్తించే జీపీఐఓ ఇవ్వకపోతే, ఆ డ్రైవర్ ఐడీ ఎప్పుడూ హై అనే అనుకుంటుంది, అంటే ఎప్పటికీ డివైస్‌గానే ఉండిపోతుంది. తప్పు అని ఎక్కడా చెప్పదు, హెచ్చరిక కూడా రాయదు. ఓటీజీ అని రాశాము కదా, దానంతట అదే మారుతుంది అనుకోవడం చాలా సహజం. కానీ ఆ మాటకు అర్థం రెండు రోల్స్‌కూ అనుమతి ఉందని మాత్రమే. ఎప్పుడు మారాలో చెప్పే సంకేతం ఎక్కడినుంచి వస్తుందో మనమే రాసివ్వాలి.

పోలిక కోసం మెయిన్‌లైన్ కెర్నల్‌లోని ఆరెంజ్ పై పీసీ డివైస్ ట్రీ ఫైలు తెరిచి చూడండి. అదీ హెచ్3 బోర్డే. అందులో ఐడీకి జీ పోర్టు 12, వీబస్ స్విచ్‌కు ఎల్ పోర్టు 2 వాడారు. మీ బోర్డు వైరింగ్ కూడా అదే కాబట్టి ఆ రెండు వరుసలు దాదాపు యథాతథంగా పనికొస్తాయి.

డివైస్ ట్రీ మార్చి మళ్ళీ బిల్డ్ చేసేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కెర్నల్ తన స్థితిని ఫైళ్ళుగా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో, ఈ పోర్టును నడిపే మస్బ్ కంట్రోలర్ డైరెక్టరీ కింద మోడ్ అనే ఫైలు ఉంటుంది. అందులోకి హోస్ట్ అనే పదాన్ని రాస్తే, ఐడీ పిన్నుతో సంబంధం లేకుండా డ్రైవర్ బలవంతంగా హోస్ట్‌లోకి వెళ్తుంది. డీఆర్-మోడ్ ఓటీజీగా ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది, మీకు అలాగే ఉంది. ల్యాప్‌టాప్ తగిలించి ఉండగా మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. అలా రాసిన తరువాత వీబస్ దగ్గర 5 వోల్టులు వస్తే రెగ్యులేటర్ భాగం బాగున్నట్టే.

చెరువుగట్టు:

పాతకెర్నల్ గారూ, చెప్పినట్టే చేశాను. హోస్ట్ అని రాయగానే వీబస్ దగ్గర 5.05 వోల్టులు వచ్చాయి, పెన్‌డ్రైవ్ లైటు కూడా వెలిగింది. తరువాత డివైస్ ట్రీలో ఐడీ జీపీఐఓ చేర్చి బూట్ చేశాను. ఇప్పుడు ఓటీజీ కేబుల్ పెట్టగానే దానంతట అదే లైటు వెలుగుతోంది. కానీ యూఎస్‌బీ పరికరాల జాబితాలో పెన్‌డ్రైవ్ కనిపించడం లేదు. కరెంటు వెళ్తోంది, డేటా లేదు.

పాతకెర్నల్:

ఆ లక్షణం హెచ్3ని చూసినవాళ్ళకు బాగా తెలిసినదే. ఏ10, ఏ20 వంటి పాత ఆల్‌విన్నర్ చిప్‌లలో ఓటీజీ పోర్టు వెనుక మస్బ్ కంట్రోలర్ ఒక్కటే ఉండేది, హోస్ట్ పని కూడా అదే చేసేది. హెచ్3, ఏ64 వంటి తరువాతి చిప్‌లలో ఓటీజీ పోర్టు వెనుక ఉండే సున్నా నంబరు ఫైకి రెండు దారులున్నాయి. డివైస్‌గా ఉన్నప్పుడు డేటా తీగలు మస్బ్‌కు వెళ్తాయి. హోస్ట్‌గా మారినప్పుడు ఫై డ్రైవర్ వాటిని అక్కడినుంచి తప్పించి ఈహెచ్‌సీఐ, ఓహెచ్‌సీఐ అనే వేరే కంట్రోలర్ల జతకు కలుపుతుంది. మస్బ్‌తో పోలిస్తే ఆ జత హోస్ట్‌గా చాలా నమ్మకంగా పనిచేస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు మంచిదే. కానీ ఆ రెండు కంట్రోలర్ల నోడ్లు డివైస్ ట్రీలో డిసేబుల్ అయి ఉంటే, తీగలు ఎవరూ లేని చోటికి చేరతాయి. 5 వోల్టులు వెళ్తాయి కాబట్టి లైటు వెలుగుతుంది, పలకరించేవాళ్ళు లేరు కాబట్టి పెన్‌డ్రైవ్ జాబితాలోకి రాదు.

మీ ఫైలులో సున్నా నంబరు ఈహెచ్‌సీఐ నోడ్‌కు, సున్నా నంబరు ఓహెచ్‌సీఐ నోడ్‌కు స్టేటస్ విలువ ఓకే అని పెట్టండి. రెండూ కావాలి. పెన్‌డ్రైవ్ హై స్పీడ్ కాబట్టి ఈహెచ్‌సీఐతోనే సరిపోతుంది. కానీ రేపు ఎవరైనా కీబోర్డు పెడితే అది లో స్పీడ్‌లోనో ఫుల్ స్పీడ్‌లోనో మాట్లాడుతుంది, దానికి ఓహెచ్‌సీఐ ఉండాలి.

రాత్రిబిల్డ్:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, విషయం దగ్గరిదే. నా దగ్గర రాస్ప్‌బెర్రీ పై 4 ఉంది. దాని టైప్ సీ పోర్టును కూడా ఇలాగే అవసరాన్ని బట్టి రెండు రకాలుగా వాడుకోవాలని ప్రయత్నిస్తున్నాను. ఓవర్‌లేలో (డివైస్ ట్రీకి అదనంగా చేర్చే ఫైలు) డీఆర్-మోడ్ ఓటీజీ అని ఇచ్చినా డివైస్‌గానే ఉంటోంది. ఇక్కడ కూడా ఐడీ జీపీఐఓ ఇవ్వాలా?

టంకం:

రాత్రిబిల్డ్ గారూ, పై 4లో ఇవ్వడానికి అలాంటి పిన్ను లేదు. టైప్ సీలో ఐడీ పిన్ను ఉండదు, దాని పనిని రెండు సీసీ పిన్నులు చేస్తాయి. పై 4 బోర్డు మీద ఆ సీసీ పిన్నులకు 5.1 కిలో ఓముల రెసిస్టర్లు మాత్రమే ఉన్నాయి, అంటే నాకు కరెంటు కావాలి అని ఎప్పటికీ చెప్పే స్థిరమైన ఏర్పాటు. వాటి స్థితిని చదివే చిప్ ఏదీ అక్కడ లేదు. కాబట్టి తగిలింది ల్యాప్‌టాపో పెన్‌డ్రైవో బోర్డుకు తెలిసే మార్గమే లేదు. 2019లో వచ్చిన తొలి బోర్డుల్లో రెండు సీసీ పిన్నులకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు. దానివల్ల ఈ-మార్కర్ (కేబుల్ వివరాలు చెప్పే చిప్) ఉన్న కేబుళ్ళతో కొన్ని ఛార్జర్లు కరెంటే ఇచ్చేవి కావు, తరువాతి రివిజన్‌లో సరిచేశారు.

హోస్ట్‌గా కావాలంటే ఓవర్‌లేలోనే హోస్ట్ అని స్థిరంగా ఇచ్చి, బోర్డుకు కరెంటును 40 పిన్నుల హెడర్‌లోని 5 వోల్టుల పిన్నుల నుంచి ఇవ్వాలి. ఎందుకంటే అదే టైప్ సీ పోర్టు బోర్డుకు కరెంటు తెచ్చే దారి కూడా. నా అభిప్రాయంలో పై 4లో ఆ శ్రమ అవసరం లేదు. హోస్ట్ పనులకు పీసీఐఈ మీద వేరే కంట్రోలర్‌తో వచ్చే నాలుగు టైప్ ఏ పోర్టులు ఉండనే ఉన్నాయి. టైప్ సీని డివైస్‌గా స్థిరంగా వదిలేయండి.

రాత్రిబిల్డ్:

అర్థమైంది టంకం గారూ, అలాగే చేస్తాను. ధన్యవాదాలు.

చెరువుగట్టు:

ఈహెచ్‌సీఐ, ఓహెచ్‌సీఐ రెండూ ఎనేబుల్ చేశాక పెన్‌డ్రైవ్ వచ్చింది, ఫైళ్ళు కాపీ అయ్యాయి. పాతకెర్నల్ గారికి ఎంతో కృతజ్ఞతలు.

అయితే చెరువు దగ్గర వాడి చూస్తే కొత్త సమస్య కనిపించింది. ల్యాప్‌టాప్ కేబుల్ తీసిన వెంటనే ఓటీజీ కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్ రావడం లేదు. కాసేపు ఆగి పెడితే వస్తోంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, పెన్‌డ్రైవ్‌ను ముందే ఓటీజీ కేబుల్‌కు తగిలించి రెండింటినీ కలిపి బోర్డుకు పెడితే వెంటనే పెట్టినా ఎక్కువసార్లు పనిచేస్తోంది. ఖాళీ ఓటీజీ కేబుల్‌ను ముందు బోర్డుకు పెట్టి, తరువాత దానికి పెన్‌డ్రైవ్ పెడితేనే విఫలమవుతోంది. విఫలమైన ప్రతిసారీ కెర్నల్ లాగ్‌లో ఈ వరుస వస్తోంది: ఎక్స్‌టర్నల్ వీబస్ డిటెక్టెడ్, నాట్ ఎనేబ్లింగ్ అవర్ ఓన్ వీబస్. బయటినుంచి వీబస్ వస్తోందని అంటోంది, కానీ ఆ సమయంలో ల్యాప్‌టాప్ తగిలించి లేదు.

పాతకెర్నల్:

ఆ వరుస ఫై డ్రైవర్‌లోని రక్షణ. హోస్ట్‌గా మారే సమయంలో వీబస్ మీద అప్పటికే వోల్టేజి ఉన్నట్టు గుర్తించే పిన్ను చెబితే, అవతల ఎవరో 5 వోల్టులు ఇస్తున్నారని భావించి మన లోడ్ స్విచ్‌ను ఆన్ చేయకుండా వెనక్కి వస్తుంది. రెండు సరఫరాలు ఒకే తీగ మీద ఎదురుబొదురుగా నిలవకుండా ఇది కాపాడుతుంది. అలా ఒకసారి మానుకున్నాక, వీబస్ తరువాత తగ్గినా తనంతట తాను మళ్ళీ ప్రయత్నించదు. కేబుల్ తీసి మళ్ళీ పెట్టాల్సిందే. ల్యాప్‌టాప్ లేకుండానే వోల్టేజి ఎలా మిగిలిందన్నది మల్టీమీటర్ గారు చెప్పాలి.

మల్టీమీటర్:

చెరువుగట్టు గారూ, వీబస్ మీద, అంటే లోడ్ స్విచ్‌కూ కనెక్టర్‌కూ మధ్యలో ఎంత కెపాసిటర్ ఉంది?

చెరువుగట్టు:

100 మైక్రోఫారడ్లు. హోస్ట్ పోర్టుకు పెద్ద కెపాసిటర్ ఉండాలని బోర్డు చేసినవాళ్ళు పెట్టారు.

మల్టీమీటర్:

అయితే లెక్క కుదిరింది. ల్యాప్‌టాప్ తగిలించి ఉన్నంతసేపూ ఆ కెపాసిటర్ 5 వోల్టులకు నిండి ఉంటుంది. కేబుల్ తీసేశాక అది ఖాళీ కావడానికి ఉన్న దారి మీ డివైడర్ ఒక్కటే, అంటే 47, 68 కలిపి 115 కిలో ఓములు. దాన్ని 100 మైక్రోఫారడ్లతో గుణిస్తే టైమ్ కాన్‌స్టంట్ (ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చెప్పే కొలత) 11.5 సెకన్లు వస్తుంది. జీపీఐఓ దాన్ని లో అని చదవాలంటే 3.3 వోల్టుల్లో 0.3 వంతు, అంటే సుమారు 1 వోల్టు కిందికి రావాలి. డివైడర్‌కు ఇవతల 1 వోల్టు అంటే వీబస్ మీద దాదాపు 1.7 వోల్టులు. 5 నుంచి 1.7కి పడిపోవడానికి పట్టేది 12 సెకన్లకు కాస్త పైన. ఆ లోపు ఓటీజీ కేబుల్ పెడితే డ్రైవర్‌కు వీబస్ ఉన్నట్టే కనిపిస్తుంది, కనిపించడం నిజమే కూడా.

మీరు గమనించిన విచిత్రానికి కూడా ఇందులోనే సమాధానం ఉంది. పెన్‌డ్రైవ్ ముందే తగిలించి ఉంటే అది పదుల మిల్లీ ఆంపియర్లు లాగి ఆ కెపాసిటర్‌ను చూస్తుండగానే ఖాళీ చేస్తుంది. అయితే వోల్టేజి బాగా తగ్గాక పెన్‌డ్రైవ్ లోపలి రెగ్యులేటరే పనిచేయడం మానేసి కరెంటు లాగడం తగ్గిస్తుంది కాబట్టి, ఎంత దాకా ఖాళీ అవుతుందన్నది పెన్‌డ్రైవ్‌ను బట్టి మారుతుంది. మీరు ఎక్కువసార్లు అన్నారు, ప్రతిసారీ అనలేదు, కారణం అదే. ఖాళీ కేబుల్ పెట్టినప్పుడు లాగేవాళ్ళు ఎవరూ ఉండరు.

పెద్ద కెపాసిటర్ కావాలన్న మాట హోస్ట్‌గా మాత్రమే ఉండే పోర్టుకు వర్తిస్తుంది. యూఎస్‌బీ 2.0 అక్కడ కనీసం 120 మైక్రోఫారడ్లు అడుగుతుంది. రెండు రోల్స్ ఉన్న ఓటీజీ పోర్టుకు పరిమితి వేరు, వీబస్ మీద 1 నుంచి 6.5 మైక్రోఫారడ్ల మధ్యే ఉండాలి. పెద్ద కెపాసిటర్‌ను లోడ్ స్విచ్‌కు ఇన్‌పుట్ వైపు పెట్టుకోవచ్చు, అవుట్‌పుట్ వైపు పెట్టకూడదు. నా సలహా ఏమిటంటే, 100 తీసి 4.7 మైక్రోఫారడ్లు పెట్టండి, వీబస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య, మిగిలిన చార్జిని ఖాళీ చేసే 10 కిలో ఓముల బ్లీడర్ రెసిస్టర్ చేర్చండి. అప్పుడు టైమ్ కాన్‌స్టంట్ 45 మిల్లీ సెకన్ల లోపు ఉంటుంది. 5 వోల్టుల దగ్గర ఆ రెసిస్టర్ వల్ల వృథా అయ్యేది అర మిల్లీ ఆంపియర్. మీ లాగర్ బ్యాటరీ మీద నడిచినా ఆ ఖర్చు వీబస్ ఉన్నంతసేపే.

గాడ్జెట్‌ప్రియ:

బోర్డు మీద టంకం పని చేయకుండానే ఒక దారి ఉంది కదా. డివైస్ ట్రీలోంచి వీబస్ గుర్తించే జీపీఐఓ వరుసను తీసేస్తే డ్రైవర్ ఆ తనిఖీయే చేయదు, హోస్ట్ అనగానే స్విచ్ ఆన్ చేస్తుంది. పైన పాతకెర్నల్ గారు చెప్పిన ఆరెంజ్ పై పీసీ డివైస్ ట్రీలో కూడా ఆ జీపీఐఓ లేదు. ఇప్పటికే చెరువుల దగ్గర ఉన్న పెట్టెలకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిపోతుంది.

మల్టీమీటర్:

గాడ్జెట్‌ప్రియ గారూ, మీరు చెప్పింది పనిచేస్తుంది, కాదనను. కానీ నేను ఒప్పుకోలేను. రెండు చివరలా టైప్ ఏ ఉన్న కేబుళ్ళు యూఎస్‌బీ 2.0 ప్రమాణంలో లేకపోయినా బజారులో దొరుకుతాయి. ఓటీజీ కేబుల్‌కు అలాంటిది తగిలించి అవతలి చివర ల్యాప్‌టాప్‌లో పెట్టేవాళ్ళు ఉంటారు. ఎవరైనా ల్యాప్‌టాప్ తగిలించి ఉండగా మోడ్ ఫైలులో హోస్ట్ అని రాసినా ఫలితం అదే. రెండు 5 వోల్టుల సరఫరాలు ఒకదానిమీదొకటి పడతాయి, ఏది కాస్త ఎక్కువుంటే దాన్నుంచి రెండోదానిలోకి కరెంటు ప్రవహిస్తుంది. రక్షణగా పెట్టిన పిన్ను అబద్ధం చెప్పడం లేదు. కెపాసిటర్‌ను సరిచేయాలి కానీ, నిజం చెప్పే పిన్నును తీసేయకూడదు.

పాతకెర్నల్:

దీనికి సాఫ్ట్‌వేర్ కోణం ఒకటి కలుపుతాను. వీబస్ జీపీఐఓ లేకపోతే ఫై డ్రైవర్ వీబస్ ఎప్పుడూ ఉన్నట్టే మస్బ్‌కు చెబుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ కేబుల్ తీసేసినా బోర్డుకు అది సస్పెండ్‌లా కనిపిస్తుందే తప్ప, తెగిపోయినట్టు తెలియదు. ఆరెంజ్ పై లాంటి ప్రయోగాల బోర్డుకు దానివల్ల పెద్ద నష్టం లేదు. చెరువుగట్టు గారూ, ల్యాప్‌టాప్ వెళ్ళిపోయిందని మీ ప్రోగ్రామ్ ఎలా తెలుసుకుంటోంది?

చెరువుగట్టు:

సిస్‌ఎఫ్‌ఎస్‌లో యూడీసీ (డివైస్ వైపు కంట్రోలర్) కింద ఉండే స్టేట్ ఫైలును చదువుతుంది. కాన్ఫిగర్డ్ నుంచి నాట్ అటాచ్డ్‌కు మారగానే కొలతల మధ్య విరామాన్ని మామూలు స్థితికి తెస్తుంది, నెట్‌వర్క్ సేవలను ఆపేస్తుంది. ఆ మార్పు తెలియకపోతే లాగర్ రాత్రంతా మెలకువగానే ఉండి బ్యాటరీ అయిపోతుంది. కాబట్టి జీపీఐఓను తీసేయడం మాకు కుదరదు.

గాడ్జెట్‌ప్రియ:

ఆ సంగతి నాకు తెలియదు. అలాగైతే బ్లీడర్ మేలు. ఇప్పటికే బయట ఉన్న పెట్టెలకు మాత్రం ఒక మధ్యమార్గం ఆలోచించవచ్చు. ఐడీ లోగా ఉండి, ముందు వీబస్ హైగా ఉండి తరువాత పడిపోయిందని మీ ప్రోగ్రామ్ గమనిస్తే, మోడ్ ఫైలులో పెరిఫెరల్ అని రాసి, కాస్త ఆగి, మళ్ళీ ఓటీజీ అని రాయవచ్చు. కేబుల్ తీసి పెట్టినట్టే డ్రైవర్ మొదటినుంచి చూస్తుంది. రక్షణ కూడా అలాగే ఉంటుంది.

మల్టీమీటర్:

ఇది బాగుంది. దీనికి నా అభ్యంతరం లేదు.

టైప్‌సీ దారి:

తరువాతి విడత బోర్డుకు టైప్ సీ పెట్టాలనే ఆలోచన ఎవరికైనా వస్తుంది కాబట్టి ముందే కొంచెం రాస్తున్నాను. టైప్ సీలో కరెంటు రోల్ వేరు, డేటా రోల్ వేరు. ఎఫ్‌యూఎస్‌బీ302 లాంటి చిప్ సీసీ పిన్నులను చదివి కెర్నల్‌లోని టైప్ సీ పోర్ట్ మేనేజర్‌కు చెబుతుంది. అది యూఎస్‌బీ రోల్ స్విచ్ అనే ఏర్పాటు ద్వారా కంట్రోలర్‌కు చెబుతుంది. ఈ రోల్ స్విచ్ క్లాస్ కెర్నల్‌లోకి 4.17తో వచ్చింది. డివైస్ ట్రీలో కనెక్టర్ నోడ్‌నూ కంట్రోలర్ నోడ్‌నూ ఎండ్‌పాయింట్లతో కలపకపోతే ఈ గొలుసు తెగిపోతుంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో టైప్ సీ పోర్టు డేటా రోల్ హోస్ట్ అని చూపిస్తూనే ఉంటుంది, కంట్రోలర్ మాత్రం కదలదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గొలుసు ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది.

మీ అవసరానికి సంబంధించి ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. ల్యాప్‌టాప్ టైప్ ఏ పోర్టు నుంచి టైప్ సీకి వచ్చే కేబుల్‌లో కరెంటు ఇచ్చేవైపు రెసిస్టర్, 56 కిలో ఓములది, ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి బోర్డు తప్పకుండా డివైస్ అవుతుంది. రెండు చివరలా టైప్ సీ ఉన్న కేబుల్‌తో, రెండు వైపులా రెండు రోల్స్‌కూ సిద్ధమైన పోర్టులుంటే, ఎవరు హోస్ట్ అవుతారన్నది తగిలించిన క్షణాన్ని బట్టి ఉంటుంది. ఒకసారి లాగర్ కనిపిస్తుంది, ఇంకోసారి ల్యాప్‌టాపే లాగర్‌కు డివైస్‌గా కనిపించే స్థితి వస్తుంది, టెక్నీషియన్‌కు ఏమీ అర్థం కాదు. కనెక్టర్ నోడ్‌లో ముందుగా సింక్, అంటే కరెంటు తీసుకునే వైపు, కావడానికి ప్రయత్నించమని రాయవచ్చు, దానితో చాలావరకు తగ్గుతుంది. మైక్రో కనెక్టర్‌లో ఐడీ పిన్ను ఇచ్చే కచ్చితమైన సమాధానం అక్కడ దొరకదు. ఆ ఒక్క కారణంతో చెరువు దగ్గరి పెట్టెకు మైక్రో ఏబీనే ఉంచమంటాను, కనెక్టర్ అరిగిపోతుందన్న భయం ఉన్నా సరే.

టంకం:

టైప్‌సీ దారి గారు చెప్పినదానికి తోడు, కొత్త చిప్‌లలో డీడబ్ల్యూసీ3 కంట్రోలర్ ఉన్నవాళ్ళకు రెండు మాటలు. ఆ కంట్రోలర్ 3.30ఏ వెర్షన్ నుంచి హార్డ్‌వేర్ ఓటీజీ లేదు. డీఆర్-మోడ్ ఓటీజీ అని రాసి, యూఎస్‌బీ రోల్ స్విచ్ ప్రాపర్టీ ఇవ్వకపోతే డ్రైవర్ దాన్ని డివైస్ మోడ్‌గా మార్చేసుకుంటుంది. అయితే హెచ్3లోలా ఇది మాట్లాడకుండా జరగదు, లాగ్‌లో కాన్ఫిగరేషన్ మిస్‌మ్యాచ్, డీఆర్-మోడ్ ఫోర్స్‌డ్ టు గాడ్జెట్ అని రాస్తుంది. కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో డ్యుయల్ రోల్ బదులు హోస్ట్ మాత్రమే ఎంచుకుని ఉంటే లాగ్‌లో కాన్ఫిగరేషన్ మిస్‌మ్యాచ్, డీఆర్-మోడ్ ఫోర్స్‌డ్ టు హోస్ట్ అని రాస్తుంది. అది కనిపిస్తే డివైస్ ట్రీ వెతకడం ఆపి కాన్ఫిగ్ ఫైలు చూడండి.

మరో సంగతి, డీడబ్ల్యూసీ3 హోస్ట్‌లోకి వెళ్ళినప్పుడు యూడీసీ డైరెక్టరీలోంచి ఆ కంట్రోలర్ పేరే మాయమవుతుంది. తిరిగి డివైస్‌గా మారినప్పుడు పేరు వస్తుంది కానీ, కాన్ఫిగ్‌ఎఫ్‌ఎస్‌లో మనం కట్టిన గాడ్జెట్ దానికి మళ్ళీ తగులుకుందో లేదో చూసుకోవాలి. లేకపోతే యూడీసీ పేరును మళ్ళీ రాసే యూడెవ్ రూల్ (పరికరం రాగానే దానంతట అదే నడిచే నియమం) ఒకటి పెట్టుకోవాలి. మస్బ్‌లో ఈ ఇబ్బంది లేదు, హోస్ట్‌లో ఉన్నప్పుడు కూడా యూడీసీ పేరు అలాగే ఉంటుంది.

చెరువుగట్టు:

ఫలితం చెబుతున్నాను. ఒక బోర్డు మీద 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసి 4.7 పెట్టి, 10 కిలో ఓముల రెసిస్టర్ కలిపాము. ల్యాప్‌టాప్ కేబుల్ తీసి, చేతికి అందినంత వేగంగా ఖాళీ ఓటీజీ కేబుల్ పెట్టి, ఆ తరువాత పెన్‌డ్రైవ్ పెట్టినా వస్తోంది. లాగ్‌లో ఆ హెచ్చరిక లేదు. ల్యాప్‌టాప్ తీయగానే యూడీసీ స్టేట్ కూడా మునుపటికన్నా త్వరగా మారుతోంది. ఇదివరకు ఆ మార్పు ఎందుకు ఆలస్యమవుతోందని విడిగా వెతుకుతూ ఉన్నాము. దానికీ ఈ కెపాసిటరే కారణమని ఇప్పుడు తెలిసింది.

ఒక్క చోట మాత్రం ఆ హెచ్చరిక ఇంకా వస్తోంది. ఆఫీసులో సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌ను ఓటీజీ కేబుల్‌కు తగిలించినప్పుడు అదే వరుస కనిపిస్తోంది, అయినా హబ్ మీద పెట్టిన పెన్‌డ్రైవ్ పనిచేస్తోంది.

మల్టీమీటర్:

ఆ హబ్ తన అడాప్టర్ 5 వోల్టులను మీ బోర్డు వైపు వెనక్కి పంపిస్తోంది. అలా పంపకూడదు, కానీ చవక హబ్‌లలో ఆ దారిని ఆపే డయోడ్‌ను మానేస్తారు. హబ్‌కు సొంత కరెంటు ఉంది కాబట్టి మన స్విచ్ ఆన్ కాకపోయినా డేటా నడుస్తుంది. డ్రైవర్ ఇక్కడ చేయాల్సిందే చేసింది, ఆ హెచ్చరికను అలాగే ఉండనివ్వండి. అయితే ఆ హబ్ తగిలించి ఉండగా మీ బోర్డు కరెంటు తీసేసి, 5 వోల్టుల రైలు మీద ఎంతుందో ఒకసారి కొలవండి. లోడ్ స్విచ్ వెనక్కి వచ్చే కరెంటును ఆపలేని రకమైతే బోర్డు సగం బతికి ఉంటుంది, అలాంటప్పుడు రీసెట్ సరిగా జరగదు.

చెరువుగట్టు:

కొలిచాను. బోర్డు ఆపేసి ఉన్నప్పుడు రైలు మీద 0.1 వోల్టు కన్నా తక్కువే ఉంది, స్విచ్ వెనక్కి రానివ్వడం లేదు.

తరువాతి విడత బోర్డుకు స్కీమాటిక్ మార్చి పంపుతున్నాము. 100 మైక్రోఫారడ్లు స్విచ్ ఇన్‌పుట్ వైపుకు వెళ్తాయి, కనెక్టర్ వైపు 4.7, బ్లీడర్ ఉంటాయి. డివైస్ ట్రీలో ఐడీ జీపీఐఓ, రెండు హోస్ట్ కంట్రోలర్లు చేరాయి. ఇప్పటికే బయట ఉన్న పెట్టెలకు గాడ్జెట్‌ప్రియ గారు చెప్పిన పెరిఫెరల్, ఓటీజీ పద్ధతిని అప్‌డేట్‌లో పంపుతాము. పెట్టె మూసేముందు చేసే పరీక్షల్లో ల్యాప్‌టాప్ తీసిన వెంటనే ఖాళీ ఓటీజీ కేబుల్ పెట్టి చూడడం కూడా చేర్చాము.